ఆగడం తెలిసిన శాస్త్రవేత్త

ఎముక మజ్జ మార్పిడికి బాట వేసిన డొనాల్ థామస్ విజయాలు అందరికీ తెలుసు. మనకు ఎక్కువ పనికొచ్చేవి మాత్రం ఆయన ఓటములు

ఎముక మజ్జ మార్పిడి అనగానే చాలామంది కళ్ల ముందు ఆపరేషన్ థియేటర్ మెదులుతుంది. తీరా ఆ రోజు వచ్చాక జరిగేది చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. సెలైన్ స్టాండుకు ఎర్రటి ద్రవం ఉన్న సంచి ఒకటి తగిలిస్తారు. అది చుక్క చుక్కగా రోగి రక్తనాళంలోకి దిగుతుంది. కత్తీ ఉండదు, కుట్టూ ఉండదు. మామూలుగా రక్తం ఎక్కించడానికీ దీనికీ పైకి తేడా కనిపించదు. నరంలోకి వెళ్లిన మూలకణాలు ఎవరూ దారి చూపకుండానే ఎముకల లోపలికి చేరి, అక్కడ కాపురం పెట్టి, రెండు మూడు వారాల్లో కొత్త రక్తాన్ని తయారుచేయడం మొదలుపెడతాయి.

ఇంత తేలికగా కనిపించే ఆ సంచిని అక్కడ తగిలించడానికి ఒక మనిషికి సుమారు పాతికేళ్లు పట్టింది. ఆ పాతికేళ్లలో ఎక్కువ భాగం ఆయన చూసినవి మరణాలే. ఆయన పేరు ఎడ్వర్డ్ డొనాల్ థామస్. 1990లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న అమెరికన్ వైద్యుడు. ప్రస్తుతం మన దేశంలో మూలకణాల పేరిట సాగుతున్న వ్యాపారాన్ని చూస్తుంటే ఈయన కథ మళ్లీ చెప్పుకోవలసిన అవసరం ఉందనిపిస్తోంది.

థామస్ 1920 మార్చి 15న టెక్సస్ రాష్ట్రంలోని మార్ట్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి పల్లెటూరి డాక్టరు. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో రసాయన శాస్త్రం చదువుతున్న రోజుల్లో, ఆ ప్రాంతంలో అరుదుగా కురిసే మంచు ఒకనాడు కురిసింది. ఓ అమ్మాయి విసిరిన మంచు ముద్ద వచ్చి ఆయన ముఖానికి తగిలింది. ఆమె డొరతీ మార్టిన్. అందరికీ డాటీ. 1942లో పెళ్లి చేసుకున్నారు. జర్నలిజం చదువుతున్న డాటీ భర్తతో కలిసి పనిచేయడం కోసం దాన్ని వదిలేసి ల్యాబ్ టెక్నాలజీ నేర్చుకున్నారు. ఆ తర్వాత జీవితాంతం ఆయన ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేసిందీ, పరిశోధన పత్రాలను దిద్దిందీ, లెక్కాపత్రం చూసిందీ ఆమే. ఎముక మజ్జ మార్పిడికి థామస్ తండ్రి అయితే డాటీ తల్లి అని ఆ రంగంలోని వారు చెప్పుకుంటారు. నోబెల్ పతకం మీద మాత్రం ఒక్క పేరే ఉంటుంది.

థామస్ 1946లో బోస్టన్‌లోని హార్వర్డ్ మెడికల్ స్కూల్ నుంచి డాక్టరై బయటికొచ్చారు. అప్పటికి రక్త క్యాన్సర్ అంటే మరణ శాసనమే. లుకేమియా సోకిన పిల్లలు వారాల్లో, మహా అయితే కొన్ని నెలల్లో చనిపోయేవారు. ఆ చీకట్లో మొదటి వెలుగు కనిపించింది కూడా బోస్టన్‌లోనే. 1948లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు 16 మంది లుకేమియా పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇస్తే పది మందిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. ఆ మందు తయారైంది లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో. ఆ పరిశోధనకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు సోదరులు ఇద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది. తిన్నది ఒంటికి పట్టక, రక్తం తరిగి మనిషి క్షీణించే జబ్బు అది. ఆ రక్తహీనతకు విరుగుడు అయిన ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసింది ఆయన బృందమే. అదే ఫోలిక్ ఆమ్లానికి పోలిక మార్చి కణాల పెరుగుదలను ఆపే మందులుగా మలిచిందీ వారే. వాటిలో ఒకటి అమినోప్టెరిన్, మరొకటి మెథోట్రెక్సేట్. 1948 ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఆ మెథోట్రెక్సేట్ రెండు దశాబ్దాల తర్వాత థామస్ చేతిలో పూర్తిగా వేరే పనికి ఉపయోగపడింది. ఆ విషయం కాసేపట్లో.

ఫార్బర్ ఇచ్చిన మందుతో పిల్లలు కోలుకున్నా, వ్యాధి మళ్లీ తిరగబెట్టేది. కొన్ని నెలల ఆయుష్షు తప్ప దక్కేది లేదు. థామస్ ఆలోచన వేరు. చెడిపోయిన పంట ఎన్నిసార్లు కోసినా అదే విత్తనం నుంచి మళ్లీ మొలుస్తుంటే, పొలం మొత్తం దున్నేసి కొత్త విత్తనం వేస్తే? మన ఎముకల లోపలి మజ్జ రోజుకు సుమారు 20 వేల కోట్ల ఎర్ర కణాలను తయారుచేసే కర్మాగారం. తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు దీనికి అదనం. రేడియేషన్‌తో ఆ మజ్జను పూర్తిగా చంపేసి, ఆరోగ్యవంతుడి మజ్జను ఎక్కిస్తే కొత్త రక్తం పుడుతుందని ఆయన ఆశ. ఆశ ఊరికే పుట్టలేదు. అణుబాంబుల తర్వాత రేడియేషన్ మజ్జను ఎలా నాశనం చేస్తుందో పరిశోధించిన శాస్త్రవేత్తలు, ప్రాణాంతకమైన మోతాదు తగిలిన ఎలుకలు వేరే ఎలుకల మజ్జ ఎక్కిస్తే బతుకుతున్నాయని 1951 నాటికే చూపించారు.

ఎలుకల్లో జరిగింది మనుషుల్లో జరగలేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ అనే చిన్న పట్నంలో, మేరీ ఇమోజిన్ బాసెట్ ఆస్పత్రిలో పనిచేస్తూ 1957లో థామస్ తన మొదటి ఫలితాలు ప్రచురించారు. రోగులు ఆరుగురు. వంద రోజులు తిరిగేలోగా ఆరుగురూ చనిపోయారు. ఇద్దరిలో మాత్రమే దాత మజ్జ నాటుకున్న జాడ కనిపించింది. 1959లో ఒకే పోలిక కవలలున్న రోగులకు గట్టి మోతాదులో రేడియేషన్ ఇచ్చి కవల మజ్జ ఎక్కించారు. మజ్జ చక్కగా నాటుకుంది. రోగులు లేచి తిరిగారు. కొద్ది నెలలకే లుకేమియా తిరగబెట్టింది.

ఇక్కడే అసలు చిక్కు బయటపడింది. కిడ్నీ మార్పిడిలో శరీరం పరాయి అవయవాన్ని తిరస్కరిస్తుంది. మజ్జ మార్పిడిలో అది కాక ఇంకో ముప్పుంది. మజ్జతోపాటు దాత రోగ నిరోధక కణాలు కూడా వస్తాయి. వాటి కళ్లకు రోగి శరీరమంతా పరాయిదే. కొత్తగా వచ్చిన అతిథి ఇంటి యజమాని మీదే తిరగబడ్డట్టు అవి రోగి చర్మం మీద, కాలేయం మీద, పేగుల మీద దాడి చేస్తాయి. దీన్ని గ్రాఫ్ట్ వర్సెస్ హోస్ట్ డిసీజ్ అంటారు. క్యాన్సర్ నుంచి తప్పించుకున్నవాళ్లను ఇది మింగేసేది. 1970లో ఒక సమీక్షకుడు ప్రపంచవ్యాప్తంగా అప్పటిదాకా ప్రచురితమైన సుమారు 200 మార్పిడులను లెక్కగట్టి చూస్తే మిగిలింది దాదాపు శూన్యం.

1960ల మొదట్లో ఈ రంగంలోని చాలామంది చేతులెత్తేశారు. మనిషిలో ఇది ఎప్పటికీ సాధ్యం కాదని తీర్మానించేశారు. థామస్ ఏం చేశారన్నదే ఈ కథలో కీలకం. ఆయన పరిశోధన మానలేదు. అలాగని రోగుల మీద ప్రయోగాలు కొనసాగించనూ లేదు. వేరే వ్యక్తి మజ్జను మనుషులకు ఎక్కించడం ఆపేసి కుక్కల దగ్గరికి వెళ్లారు. 1963లో సియాటిల్ చేరాక కూడా ఏళ్ల తరబడి అదే పని. రెయినర్ స్టార్బ్ వంటి యువ పరిశోధకులు తోడయ్యారు. ఒకే ఈతలో పుట్టిన కుక్కపిల్లల మధ్య కణజాల రకం సరిపోల్చి చూసి మజ్జ ఎక్కిస్తే ఎక్కువ బతుకుతున్నాయని తేలింది. మార్పిడి తర్వాత కొన్ని మోతాదుల మెథోట్రెక్సేట్ ఇస్తే అతిథి కణాల దాడి అదుపులో ఉంటోందనీ తేలింది. సుబ్బారావు బృందం ప్రయోగశాలలో క్యాన్సర్ కణాల కోసం పుట్టిన మందు, తిరగబడే కణాలకు కళ్లెం వేసే మందుగా మారింది. భీమవరం నుంచి సియాటిల్ దాకా సాగిన ఆ దారి గురించి మన పాఠ్య పుస్తకాల్లో ఒక్క వాక్యమైనా ఉంటే బాగుండేది.

ఈలోగా మనుషుల్లో కణజాలాల రకాన్ని నిర్ణయించే హెచ్ఎల్ఏ గుట్టు తెలియవచ్చింది. ఒకే తల్లిదండ్రుల పిల్లల్లో ఇద్దరికి అది పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. 1968లో మిన్నెసోటాలో రాబర్ట్ గుడ్ అనే వైద్యుడు పుట్టుకతోనే రోగ నిరోధక శక్తి లేని ఓ పసివాడికి అక్క మజ్జ ఎక్కించి బతికించారు. 1969లో థామస్ బృందం లుకేమియా రోగులకు మళ్లీ మార్పిడులు మొదలుపెట్టింది. ఈసారి దాతలు హెచ్ఎల్ఏ కలిసిన తోబుట్టువులు.

1977లో వెలువడిన ఆ బృందం నివేదిక వైద్య చరిత్రలో మైలురాయి. 100 మంది రోగులు. అందరూ మందులన్నీ విఫలమై మరణం అంచున ఉన్నవారే. వారిలో 13 మంది ఏడాది నుంచి నాలుగున్నరేళ్లుగా వ్యాధి లేకుండా జీవిస్తున్నారు. వందకు పదమూడు! పరీక్షలో ఈ మార్కులు వస్తే మన ఇంట్లో ఏమంటారో చెప్పనక్కర్లేదు. వైద్యులకు మాత్రం ఆ పదమూడు చాలు. చావు ఖాయమనుకున్న చోట పదమూడు మంది బతికారంటే, జబ్బు ముదరకముందే చేస్తే ఇంకెందరు బతుకుతారు? రెండేళ్లలోనే దానికి జవాబు దొరికింది. మందులతో వ్యాధి అణగి ఉన్న దశలోనే మార్పిడి చేస్తే ఫలితాలు ఎన్నో రెట్లు మెరుగయ్యాయి. 1981 చివరిలో థలసీమియా సోకిన ఓ చిన్నారికి థామస్ బృందం మజ్జ మార్పిడి చేసింది. క్యాన్సర్ కాని వంశపారంపర్య రక్త వ్యాధులకూ తలుపు తెరుచుకుంది.

1979లో సియాటిల్ బృందం మరో వింత గమనించింది. అతిథి కణాల దాడికి గురై బయటపడిన రోగుల్లో లుకేమియా తిరగబెట్టడం తక్కువ. ఏ దాడీ లేనివారిలో ఎక్కువ. ఒకే పోలిక కవల నుంచి మజ్జ తీసుకున్నవారిలో వ్యాధి ఎందుకు తిరగబెట్టిందో కూడా దీంతో అర్థమైంది. కవల కణాలకు రోగి శరీరం పరాయిది కాదు. అందుకే మిగిలిపోయిన క్యాన్సర్‌నూ అవి వదిలేశాయి. ఇలా జరగవచ్చని 1956లోనే ఎలుకల మీద పరిశోధించిన బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఊహించారు. మనుషుల్లో లెక్కలతో సహా రుజువైంది ఇప్పుడు. అంటే పనిచేస్తున్నది రేడియేషనో మందులో మాత్రమే కాదు. దాత రోగ నిరోధక కణాలు క్యాన్సర్‌ను వేటాడుతున్నాయి. మనిషి రోగ నిరోధక శక్తి క్యాన్సర్‌ను నయం చేయగలదని గట్టిగా చాటిన తొలి సాక్ష్యాల్లో ఇదొకటి. రోగిని చంపగల కణమే రోగిని బతికించగలదు. ఆ రెంటినీ విడదీయడమే అప్పటినుంచి ఈ రంగం చేస్తున్న పని.

ఆ పని కొత్త రూపమే కార్-టి చికిత్స. రోగి సొంత టి కణాలను బయటికి తీసి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టేలా జన్యుపరంగా మార్చి తిరిగి ఎక్కిస్తారు. 2017లో అమెరికా అనుమతి పొందిన తొలి కార్-టి చికిత్స ధర 4 లక్షల 75 వేల డాలర్లు. మన దేశంలో ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి అభివృద్ధి చేసిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి లభించింది. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దాన్ని ఆవిష్కరించారు. విదేశీ చికిత్సతో పోలిస్తే ఖర్చు పదో వంతని చెబుతున్నారు. పదో వంతైనా అది లక్షల్లోనే ఉంటుంది. పొలం అమ్ముకునే స్థితిలో ఉన్న కుటుంబానికి పదో వంతూ కొండే. అయినా ఐఐటీలో రాహుల్ పుర్వార్ బృందం ఏళ్ల తరబడి చేసిన ఈ పని గర్వకారణమే.

థామస్ చేతి చలువ మన దేశానికి అంతకుముందే చేరింది. సురేశ్ అద్వానీ చిన్నప్పుడే పోలియో బారినపడి చక్రాల కుర్చీకి పరిమితమైన వ్యక్తి. వైకల్యం కారణంగా మెడికల్ కాలేజీ సీటు మొదట నిరాకరించినా పోరాడి సాధించుకున్నారు. సియాటిల్‌లో థామస్ దగ్గర శిక్షణ పొంది వచ్చి, 1983లో ముంబైలోని టాటా మెమోరియల్ ఆస్పత్రిలో దేశంలోనే తొలిసారి ఎముక మజ్జ మార్పిడి విజయవంతంగా చేశారు. రోగి తొమ్మిదేళ్ల పాప. దాత ఆమె తోబుట్టువు. 1986లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ థలసీమియా పిల్లలకు మార్పిడి మొదలుపెట్టింది. ఏటా కనీసం 10 వేల మంది థలసీమియా పిల్లలు పుడుతున్నారని అంచనా ఉన్న దేశం మనది. కోల్ ఇండియా నిధులతో 2017లో మొదలైన థలసీమియా బాల సేవా యోజన కింద అర్హులైన పిల్లలకు మార్పిడి కోసం పది లక్షల రూపాయల వరకు సాయం అందింది. హెచ్ఎల్ఏ పూర్తిగా కలిసిన తోబుట్టువు లేకపోతే సగం కలిసిన తండ్రో తల్లో కూడా దాత కావడానికి కొత్త పద్ధతులు వచ్చాయి. ఇవన్నీ నిజమైన మూలకణ చికిత్సలు. లెక్క ఉన్నవి, సాక్ష్యం ఉన్నవి.

ఇప్పుడు నాణేనికి రెండోవైపు. మన నగరాల్లో మూలకణ చికిత్స అన్న మాట బోర్డుల మీదికెక్కి చాలాకాలమైంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మోకాళ్ల అరుగుదల, పక్షవాతం... దేనికైనా అదే మందు. నిజానికి భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు స్పష్టంగానే ఉన్నాయి. రక్త సంబంధ వ్యాధులు తదితర నిర్ణీత జబ్బులకు చేసే మజ్జ మార్పిడి తప్ప మిగతా మూలకణ ప్రయోగాలన్నీ అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్స్‌లో భాగంగానే జరగాలి. ట్రయల్ అన్నప్పుడు రోగి దగ్గర డబ్బు వసూలు చేయకూడదు. బిడ్డ బొడ్డుతాడు రక్తాన్ని ప్రైవేటు బ్యాంకుల్లో దాచుకోవడానికి కూడా శాస్త్రీయ ఆధారం లేదని ఆ మార్గదర్శకాలు చెప్పాయి. థలసీమియా వంటి జన్యు వ్యాధి ఉన్న బిడ్డకు తన సొంత బొడ్డుతాడు రక్తం పనికిరాదు. అందులోనూ అదే లోపం ఉంటుంది కదా. ఈ చిన్న సంగతి కరపత్రాల్లో కనిపించదు.

ఈ దుకాణాలు పెట్టుబడిగా వాడుకుంటున్నది థామస్ వంటివారు సంపాదించిన నమ్మకాన్నే. అందుకే ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడాలి. థామస్ ఆరుగురు రోగులు చనిపోతే ఆరుగురూ చనిపోయారని పత్రికలో అచ్చువేయించారు. వందమందిలో 87 మందిని దక్కించుకోలేకపోయామని లెక్క చెప్పారు. పని జరగడం లేదని తెలిసినప్పుడు మనుషుల జోలికి పోకుండా ఆగారు. నెక్స్‌కార్19 బృందం కూడా 2025లో తన ఫలితాలను లాన్సెట్ హెమటాలజీ పత్రికలో ప్రచురించినప్పుడు నాలుగింట దాదాపు మూడు వంతుల మందిలో చికిత్స పనిచేసిందని చెప్పడంతో సరిపెట్టుకోలేదు. చికిత్స కారణంగా సంభవించిన మరణాలనూ నమోదు చేసింది. శాస్త్రానికీ వ్యాపారానికీ మధ్య గీత ఇక్కడుంది. శాస్త్రం తన ఓటమిని లెక్కలో చూపిస్తుంది. వ్యాపారం బాగుపడిన రోగి ఫొటో మాత్రమే చూపిస్తుంది.

ఇక్కడో అభ్యంతరం రావచ్చు. ఆ తొలి రోగుల మాటేమిటి? వారు ప్రయోగాలకు సమిధలు కాలేదా? నిజమే, ఆ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేం. వారికి వేరే చికిత్స లేదన్నది ఒక సమాధానం. అది సగం సమాధానమే. వారి మరణాలను దాచకపోవడం, ప్రతి మరణం నుంచి ఒక పాఠం నేర్చి తర్వాతి రోగికి అందించడం మిగతా సగం. లెక్క రాయని చోట చనిపోయిన రోగి చావు ఎవరికీ ఏమీ నేర్పదు. మందు పేరు చెప్పి డబ్బు తీసుకుని ఫలితం ఎక్కడా నమోదు చేయనివారు రోగిని రెండుసార్లు మోసం చేస్తున్నట్టు.

మన ప్రభుత్వాలకూ ఇందులో పాఠం ఉంది. 1957 నుంచి 1977 దాకా థామస్ చూపించగలిగిన విజయాలు వేళ్ల మీద లెక్కపెట్టదగినవి. మూడేళ్ల ప్రాజెక్టు ముగియగానే ఎన్ని పత్రాలు వేశావు, ఏం సాధించావు అని అడిగే పద్ధతిలో ఆయన రెండో మూడేళ్లకే ఇంటికి వెళ్లిపోవలసి వచ్చేది. 2020-21 లెక్కల ప్రకారం పరిశోధనల మీద భారత్ వెచ్చిస్తున్నది జీడీపీలో 0.64 శాతం. 2023లో చట్టం చేసి పెట్టిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ ఆ అంకెను పెంచడంతోపాటు ఓపికను కూడా మంజూరు చేయగలిగితేనే మన గడ్డ మీద మరో థామస్‌కు చోటుంటుంది. సుబ్బారావును మనం నిలుపుకోలేకపోయాం. ఆ పశ్చాత్తాపం విగ్రహాలతో తీరదు.

2012 అక్టోబరు 20న 92 ఏళ్ల వయసులో థామస్ కన్నుమూశారు. ఆ ఏడాది చివరికే ప్రపంచవ్యాప్తంగా జరిగిన రక్త మూలకణ మార్పిడుల సంఖ్య పది లక్షలకు చేరింది. మొదటి ఆరుగురితో మొదలైన లెక్క అది. డాటీ 2015లో వెళ్లిపోయారు.

మీ ఇంట్లోనో బంధువులింట్లోనో ఎవరికైనా ఏదో అద్భుత చికిత్స చేస్తామని ఎవరైనా చెబితే, డబ్బు సంచి విప్పే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇప్పటిదాకా ఎంతమందికి చేశారు? వారిలో ఎంతమంది బాగుపడ్డారు, ఎంతమంది కాలేదు? ఆ లెక్క ఎక్కడ అచ్చయింది? మొదటి ప్రశ్నకు జవాబు ఎవరైనా చెబుతారు. రెండో ప్రశ్నకు తడబడితే, మూడో ప్రశ్నకు విసుక్కుంటే, లేచి వచ్చేయండి. థామస్‌ను 1957లో ఈ మూడు ప్రశ్నలు అడిగి ఉంటే ఆయన తల వంచుకునే అయినా జవాబు చెప్పేవారు. ఆరుగురు. ఒక్కరూ మిగల్లేదు. పత్రికలో ఉంది, చదువుకోండి.